మా అక్క ఉప్పు తిన్న ఎలుగుబంటి

అమెరికా వెళ్లివచ్చానని తెలియగానే బాపట్లలో ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న, "నయాగరా చూశారా?" అని. చూడలేదు. చేతిలో దివిటీ పట్టుకుని సముద్రంలో నిలబడిన ఆ విగ్రహాన్నీ చూడలేదు. నేను చూసింది ఒక ఎలుగుబంటిని, అదీ ముఖ్యమైన ఘట్టంలో వెనకవైపు నుంచి. ఈ మాట చెప్పగానే అడిగినవాళ్ల ముఖం చిన్నబోతుంది. టిక్కెట్టు డబ్బులు వృథా చేసినట్టు నావైపు చూస్తారు. అందుకని జరిగినదంతా ఒకేసారి రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్లకు ఈ కాగితాలు చేతికిచ్చి నా పని నేను చూసుకోవచ్చు.

నేను ఆడపిల్లల కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని. ఎలుగుబంటి పాఠం ఏటా చెబుతాను, బోర్డుమీద బొమ్మ కూడా వేస్తాను. కానీ కప్ప, బొద్దింక, వానపాము తప్ప నేను దగ్గరగా చూసిన జంతువు లేదు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ పట్టదు. జంతువు అన్న మాట వినబడితే చాలు, "విమలను అడగండి" అంటారు. ఈ ప్రయాణంలో వచ్చిపడిన ముప్పుకు ఆ నమ్మకం కూడా కొంత కారణం.

షామ్‌బర్గ్: ముందే పంచుకున్న మాంసం

మా సుగుణక్క కాపురం షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో. బావగారు ఆనందరావు అక్కడి ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఆకులు రాలే కాలం వచ్చిందంటే ఆపరేషన్ థియేటర్లో సర్జన్లంతా వేట కబుర్లే చెప్పుకుంటారట. ఎవరు ఏ కొండమీద ఏ జంతువును కొట్టారు, దాని కొమ్ములు ఎన్ని కొనలు తేలాయి, ఇవే మాటలు. "బల్లమీద పడుకున్నవాడికీ నాకూ తేడా లేదు విమలా, ఇద్దరం నోరెత్తం" అన్నారు బావగారు. ఆ ఉక్రోషంలోనే ఆయన వయోమింగ్ రాష్ట్రంలో ఎల్క్ వేటకు దరఖాస్తు పెట్టారు.

ఎల్క్ అంటే మన నల్లమలలో కణుజు ఉంటుందే, దానికి పెద్దన్న. దాన్ని వేటాడటానికి ఆ రాష్ట్రం లాటరీ తీస్తుంది. ఏ లోయలో ఎన్ని తలలున్నాయి, ఈ చలికాలానికి గడ్డి ఎన్నింటికి సరిపోతుంది అని ముందే లెక్క చూసుకుని, మిగిలినవాటిని కొట్టడానికి మనుషులకు అనుమతులు ఇస్తారు. మన దగ్గర అడవిలో జంతువును చంపితే జైలు. అక్కడ లెక్క ప్రకారం చంపకపోతే గడ్డి చాలదని బెంగ. ఏళ్ల తరబడి దరఖాస్తు పెడుతున్న సర్జన్లకు రాని అనుమతి, తుపాకీ ముట్టి ఎరగని మా బావగారికి మొదటిసారే వచ్చింది. 1984లో నేను అక్కడ ఉండగానే ఇది జరిగింది. ఆ రోజు నుంచి థియేటర్లో ఆయన ఒక్కరే మాట్లాడేవారట.

వాళ్లు వెళ్లే తెలుగు చర్చి, ఒక అమెరికన్ చర్చి నేలమాళిగలో ఆదివారం మధ్యాహ్నాలు జరుగుతుంది. పాస్టరుగారు ఈ వార్త అందరికీ చెప్పి, ఆనందరావుగారి గురి కోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక కాఫీల దగ్గర వాటాలు మొదలయ్యాయి. ఎక్కడో కొండమీద హాయిగా గడ్డి మేస్తున్న జంతువు కాళ్లు ఒకరు, తలకాయ ఒకరు, లివరు ఒకరు చెప్పేసుకున్నారు. ఒంగోలు నుంచి వచ్చి స్థిరపడిన రూతమ్మగారు బోటి అడిగింది. "ఈ దేశంలో బోటి అడిగితే కుక్క కోసమా అంటారమ్మా సుగుణా. తిని ఎన్నేళ్లయిందో" అని కళ్లు ఒత్తుకుంది. వచ్చే నెల కోత పండుగ భోజనాలకు అన్నీ తెస్తానని అక్క మాట ఇచ్చేసింది.

ఇక్కడ అక్క ఆవకాయ గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఏడు మెక్సికో మామిడికాయలతో, నేను సూట్‌కేసులో మోసుకెళ్లిన గుంటూరు కారంతో పెట్టింది. అక్క ఎక్కడికి ప్రయాణమైనా రెండు సీసాలు వెంట ఉంటాయి, ఒకటి తినడానికి, రెండోది తినేవాళ్లు ఎక్కువైతే. ఆ ఆవకాయకు ఎవరూ వంక పెట్టరు. ఒకప్పుడు బావగారి చెల్లెలు "కారం కాస్త ఎక్కువైనట్టుంది వదినా" అందట. ఆమెకూ అక్కకూ అప్పటినుంచి మాటల్లేవు.

దారిలో: రొట్టె పక్కన తుపాకీ

పొడుగాటి కారులో నలుగురం బయలుదేరాం. నాలుగో మనిషి అక్క కూతురు షారన్. హైస్కూల్లో కొత్తగా చేరింది. పుట్టిందే అక్కడ కాబట్టి తెలుగు అంతా అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం క్రియలు కాస్త ఇటూ అటూ అవుతాయి. వేటకు వెళ్లే పిల్లలకు పెట్టే తరగతికి వెళ్లి పాసైంది. రూలు తెలిసిన మనిషి మా బృందంలో అదొక్కతే.

డకోటా మైదానాల్లో ఒక దుకాణంలో ఆగాం. ఒక వరసలో రొట్టెలు, పాలు, పక్క వరసలో పసిపిల్లల గుడ్డలు, దాని పక్కన తుపాకులు. మా ఊళ్లో తుపాకీ ఉన్నది బ్యాంకు కాపలా ఆయన ఒక్కడి దగ్గరే. అది పేలగా చూసినవాళ్లు లేరు. ఇక్కడ ఒక ముసలమ్మ గుడ్ల అట్టపెట్టె, తూటాల పెట్టె ఒకే బుట్టలో వేసుకుని, గుడ్లు పగలకుండా తూటాలు కింద పెట్టుకుంది.

చిన్న ప్రమాదం ఒకటి నాకు కాఫీ హోటల్లో జరిగింది. అర డాలరు ఇస్తే కాఫీ ఎంతైనా పోస్తారు. అర డాలరంటే మన ఆరు రూపాయలు. బాపట్లలో ఆ డబ్బుతో వీధి మొత్తానికి టీ పోయించవచ్చు. వడ్డించే ఆవిడ కప్పు ఖాళీ అవగానే నింపేది. పోసింది వదిలేస్తే ఆవిడ నొచ్చుకుంటుందని నేను తాగేసేదాన్ని. తాగేశానని ఆవిడ మళ్లీ పోసేది. మన ఇళ్లలో లాగా కప్పుకు చెయ్యి అడ్డం పెడితే సరిపోయేదని బావగారు తర్వాత చెప్పారు. ఆ రోజు దారిలో ఉన్న ప్రతి పెట్రోలు బంకు దగ్గరా కారు ఆపించాను.

లోయ: చెవిపోగు

వయోమింగ్ కొండల్లో తారు రోడ్డు అయిపోయింది, తర్వాత మట్టి రోడ్డూ అయిపోయింది. వాగు పక్కన రెండు గుడారాలు, కొన్ని గుర్రాలు, ఒక పొడుగాటి ముసలాయన కనిపించారు. ఆయన పేరు హాంక్. బయటి రాష్ట్రంవాళ్లు ఆ అడవిలో వేటాడాలంటే దారి చూపే మనిషి ఉండి తీరాలి. మాకు కుదిరిన మనిషి ఈయన. ఒక డాక్టరు, చీరలు కట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లు, చెవులకు పాటలు తగిలించుకున్న ఒక పిల్ల కారు దిగేసరికి, ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, మా వెనక ఇంకో కారు వస్తోందేమోనని రోడ్డువైపు చూశాడు.

వేటగాళ్లు ఒకరినొకరు జంతువనుకుని కాల్చుకోకుండా అక్కడ మెరిసే నారింజరంగు వేసుకోవాలి. అక్క తన కనకాంబరం రంగు వెంకటగిరి చీర కట్టుకుని సిద్ధమైంది.

"మామ్, ఇది రూల్ కాదు. వెస్ట్ వేసుకోవాలి" అంది షారన్.

హాంక్ ఆ చీర చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. ఇంత నారింజరంగు గుడ్డ ఈ అడవిలో ఏ మనిషిమీదా చూడలేదనీ, దీన్ని చూసి జంతువనుకునేవాడికి తుపాకీ అమ్మినవాడిది తప్పనీ తీర్పు చెప్పాడు. నాకు మాత్రం ఆ రంగు చొక్కా ఒకటి ఇచ్చాడు. జరీ అంచు చీరమీద అది తొడుక్కుని నేను దిగిన ఫోటో మా స్టాఫ్ రూములో ఇప్పటికీ చేతులు మారుతోంది.

ఆ సాయంత్రమే జీపులో ఒకమ్మాయి వచ్చింది. పేరు కారల్. ఆ కొండల్లో ఎలుగుబంట్ల మంచిచెడ్డలు చూడటం ఆమె సర్కారు ఉద్యోగం. తిండి ఏదీ గుడారంలో పెట్టుకోవద్దు, రెండు చెట్ల మధ్య ఎత్తున కట్టిన దూలానికి వేలాడదీయాలి, మాంసం గుడారాలకు దూరంగా ఉంచాలి అని చెప్పింది. ఈ లోయలో ఒక గ్రిజ్లీ ఎలుగు తిరుగుతోందట. వయసులో ఉన్న పోతు. ఎండాకాలంలో ఎవరి గుడారంలోనో దూరి పంది మాంసం, తీపి రొట్టెలు తినేసింది. దాన్ని పట్టుకుని, చెవికి పసుపుపచ్చ బిళ్ల కుట్టి, దూరంగా వదిలేసి వచ్చారు. అది నడుచుకుంటూ తిరిగి వచ్చేసింది.

"మనిషి తిండికి అలవాటు పడితే మళ్లీ మళ్లీ వస్తుంది. ఏదో ఒకరోజు మనిషిమీద పడుతుంది. అందుకని రెండోసారి అలవాటు బయటపడితే చంపేయాలి" అంది కారల్. బిళ్ల కుట్టింది తనే. అవసరమైతే కాల్చాల్సింది కూడా తనే. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మావైపు చూడలేదు.

"చెవి కుట్టించారా పాపం" అంది అక్క నాతో. "పసివాడే అయితే." ఆ క్షణం నుంచి మా ఇంట్లో ఆ ఎలుగు పేరు పోగులోడు.

కొండమీద: ఆమెన్

మర్నాడు హాంక్ వెనక బావగారు, షారన్, నేను కొండెక్కాం. అక్క వంట చూసుకుంటానని ఉండిపోయింది. జంతువుల విషయం తెలిసిన మనిషినని నన్ను తీసుకెళ్లారు. ఎదురు వాలులో ఒక ఎల్క్ నిలబడి ఉంది. గుర్రమంత ఎత్తు, తలమీద కొమ్ముల చెట్టు. హాంక్ చెయ్యి ఊపాడు. బావగారు మోకాళ్లమీద కూర్చున్నారు. గురి చూస్తున్నారని హాంక్ అనుకున్నాడు. ఆయన ప్రార్థన చేస్తున్నారని మాకు తెలుసు.

బావగారు చర్చి పెద్ద. క్లుప్తంగా ప్రార్థించడం ఆయనకు చేతకాదు. రోగులను, వితంతువులను, పరీక్షలు రాసే పిల్లలను, ప్రయాణంలో ఉన్నవారిని పేరుపేరునా జ్ఞాపకం చేసుకుని, ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి ఎల్క్ కూడా ప్రయాణంలో ఉంది.  హాంక్ పొగాకు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకుని కిందికి దారి తీశాడు.

మరుసటి ఉదయం అదే చోట షారన్ తండ్రి భుజంమీద చెయ్యి వేసింది. "డాడీ, ఇప్పుడు జస్ట్ థాంక్యూ చెప్పు. మిగతా ప్రేయర్ కార్‌లో చేద్దాం."

బావగారు పిల్ల మాట విన్నారు. తుపాకీ పేలింది. జంతువు రెండడుగులు వేసి కూలిపోయింది. ఆయన పరుగున వెళ్లి దాని తల దగ్గర కూర్చుని, రెప్ప ఎత్తి, కనుగుడ్డుమీద వేలు ఆనించి చూశారు. మత్తు పూర్తిగా ఎక్కిందో లేదో చూసే అలవాటు అది. పాత వేటగాళ్లు సరిగ్గా ఇలాగే చూస్తారని హాంక్ మొదటిసారి ఆయన్ని మెచ్చుకున్నాడు. బావగారు వినలేదు. చెయ్యి ఇంకా దాని మెడమీదే ఉంది.

"ఇన్నేళ్లూ నేను పడుకోబెట్టినవాళ్లందర్నీ మళ్లీ లేపాను విమలా" అన్నారు. "ఇది లేవదు."

 థియేటర్లో కబుర్లు చెప్పే సర్జన్ల కోసం ఇంతదూరం వచ్చాం కదా అనిపించి, ఆ మాట పైకి అనలేక, కొమ్ములు లెక్కపెట్టాను.

బోటి

కబురు అందగానే అక్క రెండు కత్తులతో కొండెక్కి వచ్చింది. హాంక్ జంతువును నాలుగు భాగాలు చేసి గుర్రాలమీదికి ఎత్తాడు. కొమ్ములున్నాయని తల కూడా కట్టాడు. కాళ్లు, పేగులు, పొట్ట అక్కడే వదిలేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఏవండీ, ఆయన బోటి వదిలేస్తున్నాడు" అంది అక్క.

బావగారు అడిగితే హాంక్ తాపీగా చెప్పాడు. అది కాకులకూ నక్కలకూ ఎలుగులకూ వదలాల్సిన వాటా. వాటి వాటా వాటికి కొండమీద ముట్టజెబితే అవి మన వాటా కోసం కిందికి రావు. ఆ కొండల్లో మనుషులూ మృగాలూ ఈ ఒప్పందంమీదే బతుకుతున్నారట. అక్కకు మాత్రం ఆ వాటా రూతమ్మగారిది. మాట ఇచ్చి వచ్చింది. హాంక్ గుర్రాలతో మలుపు తిరిగేదాకా ఆగి, వానకోటు పరిచి బోటి, నాలుగు కాళ్లు మూట కట్టింది. బావగారు వద్దంటూనే ఒక కర్ర వెతికి ఇచ్చారు. జువాలజీ ఎమ్మెస్సీ అయిన నేను, డాక్టరుగారి భార్య అయిన అక్క ఆ మూటను కర్రకు వేలాడదీసి భుజాలమీద మోసుకుంటూ దిగాం. హాంక్ కంటపడకుండా వాగు చల్లటి నీళ్లలో దాచాం.

మర్నాడు హాంక్ మాంసాన్ని పట్నంలో శీతల గిడ్డంగికి చేర్చడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేదాకా పొయ్యి ముట్టించవద్దు, చిక్కుడుగింజల డబ్బాలు విప్పుకుని తినండి అని చెప్పి వెళ్లాడు.

అక్క నావైపు తిరిగింది. "ఏమే విమలా, కాళ్లు కాలిస్తే ఈ వాసనకి ఎలుగుబంటి వస్తుందంటావా?"

నేను పాఠం ఒప్పజెప్పాను. ఎలుగుబంటి ముఖ్యంగా చెదపురుగులు, తేనె, ఇప్పపూలు తిని బతుకుతుందని, మాంసం జోలికి పోదని చెప్పాను. అది మన ఎలుగు సంగతి. కారల్ చెప్పిన పంది మాంసం సంగతి గానీ, ఇది వేరే ఎలుగన్న ఆలోచన గానీ ఆ సమయంలో నాకు రానే లేదు. కాలేజీలో ఇన్నేళ్లుగా ఎవరూ ఎదురు ప్రశ్న వేయకపోవడం వల్ల వచ్చిన ధీమా అది.

"పిన్నీ, ఆర్ యూ ష్యూర్?" అంది షారన్.

"పిన్ని లెక్చరరే" అంది అక్క, నిప్పు రాజేస్తూ.

కాళ్లు నిప్పులమీద చిటపటలాడుతూ కాలాయి. వాగులో బోటి కడిగి, సున్నం లేదు కాబట్టి వేడినీళ్లు పోసి గీకి, ముక్కలు కోసి ఎసరు పెట్టాం. అల్లం వెల్లుల్లి పడ్డాక ఆ వాసనకు నాకే మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. గాలి కొండవైపు వీస్తోందని మాలో ఎవరూ గమనించలేదు.

విందు

విస్తరి వేయబోతుండగా గుర్రాలు అరిచాయి. వాగు అవతల పొదలు కదిలి, గోధుమరంగు కొండ ఒకటి నడిచి వచ్చింది. మేము కారులోకి ఎలా చేరామో నాకు తెలియదు. బావగారి ఒక చెప్పు, నా కళ్లజోడు, అక్క రెండు ఆవకాయ సీసాల్లో ఒకటి బయట ఉండిపోయాయి.

ఎలుగు తొందరపడలేదు. మొదట పొయ్యిమీది కాళ్లు తిన్నది. గిన్నె బోర్లించి, ఆరనిచ్చి, బోటి తిన్నది. తర్వాత ఆవకాయ సీసా రెండు చేతులా పట్టుకుని కూర్చుని మూత పీకింది. నాలుక పెట్టింది. ఒక్క క్షణం కదలలేదు. తుమ్మింది. ముఖం గడ్డికేసి రుద్దింది. వాగులోకి వెళ్లి నీళ్లు తాగింది. మేము హమ్మయ్య అనుకునేలోగా తిరిగి వచ్చి మళ్లీ నాలుక పెట్టింది. మా వైపు కొత్త అల్లుళ్లు కూడా మొదటి పూట ఇలాగే తింటారు.

భయంతో బిగుసుకుపోయి ఉన్న అక్క మెల్లగా కిటికీ అద్దానికి దగ్గరగా జరిగింది. "చూడవే, మళ్లీ పెట్టుకుంటున్నాడు" అంది. ఆమె ముఖంలో వడ్డించినావిడ తృప్తి నాకు స్పష్టంగా కనిపించింది.

ఎలుగు సీసా అడుగంటా నాకి, తల విదిలించింది. చెవికి పసుపుపచ్చగా ఏదో మెరిసింది.

"అమ్మా" అంది షారన్. అది ఎప్పుడూ మామ్ అనే పిలుస్తుంది. "అది వాడే. పోగులోడు. ఇప్పుడు దే విల్ కిల్ హిమ్. మన వల్ల."

 ఎలుగు ఖాళీ సీసాను పక్కన జాగ్రత్తగా పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

గొట్టం

హాంక్ తిరిగి వచ్చి, బూడిదనూ పాదముద్రలనూ చూసి, చాలాసేపు టోపీని తొడమీద కొట్టుకుంటూ నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది. వెళ్లి కారల్‌కు కబురు పెట్టాడు. మర్నాడు ఆమె జీపు వెనక చక్రాలమీద పెద్ద ఇనుప గొట్టం ఒకటి లాక్కుంటూ వచ్చింది. ఎర లోపలి కొసన పెడతారు. జంతువు దూరి ఎర లాగగానే వెనక తలుపు పడిపోతుంది.

కారల్ పద్ధతి చెప్పింది. నిన్న జరిగింది మీ తప్పు, దానికి జంతువును చంపరు. కానీ నిన్న ఏ మనిషి తిండి తిన్నదో అదే గొట్టంలో పెడతాను. ఎలుగు వచ్చి దాన్ని లాగితే అలవాటు పడిందని అర్థం. అప్పుడు నా చేతుల్లో ఏమీ లేదు. వద్దని వెళ్లిపోతే వదిలేస్తాను.

"కాళ్లూ బోటీ ఎల్క్‌వే కదా, అవి అడవి తిండే" అని బావగారు వాదించారు.

"అవును. ఆ ఎర్రది మాత్రం అడవిలో దొరకదు" అంది కారల్.

అక్క లేచి నిలబడింది. "వాడు మన ఉప్పు తిన్నాడండీ. భోజనం పెట్టి చంపడం ఎక్కడైనా ఉందా? ఆమెకు చెప్పండి." బావగారు చెప్పారు. కారల్ విని, తనకూ ఇష్టం లేదని, దాని చెవికి బిళ్ల కుట్టేటప్పుడు తల తన ఒళ్లోనే ఉందని చెప్పింది. ఆ తర్వాత రెండో సీసా అడిగింది.

"నేనే పెడతాను. నా చేత్తో వడ్డిస్తాను" అంది అక్క. సీసా తీసుకుని గుడారం వెనక్కి వెళ్లింది.

నేనూ వెనకే వెళ్లాను. అక్క పళ్లెంలో ఆవకాయ బోర్లించి, నేను తెచ్చిన కారం పొట్లం విప్పి, మొత్తం గుమ్మరిస్తోంది. దానిమీద ఆవపిండి డబ్బా ఖాళీ చేసింది. కలుపుతుంటే కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

"నా చేతులతో నేను పాడుచేసిన ఆవకాయ ఇదొక్కటే" అంది. "ఎవరితోనైనా అన్నావంటే చూడు." నాకు ఆ క్షణాన మా అక్కమీద వల్లమాలిన ప్రేమ కలిగింది.

ఎదురు వాలుమీద జీపులో కూర్చుని ఎదురుచూశాం. కారల్ తుపాకీ మోకాళ్లమీద పెట్టుకుంది. పొద్దు కొండమీదికి వాలుతుండగా పోగులోడు వచ్చాడు. గుడారాలను దాటి, పొయ్యి వాసన చూసి, నేరుగా గొట్టం దగ్గరికి వెళ్లాడు. తల పెట్టాడు. భుజాలు పెట్టాడు. మాకు ఇక కనిపిస్తున్నది వెనకభాగం, చిన్న తోక మాత్రమే. షారన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. బావగారు తన జీవితంలో అతి చిన్న ప్రార్థన చేశారు.

"ప్రభువా, వద్దనిపించు. ఆమెన్."

గొట్టంలోంచి ఒక తుమ్ము వినిపించింది. ఇనుములో అది ఉరుములా మోగింది. మరొకటి, ఇంకొకటి. వెనకభాగం వెనక్కి వచ్చింది, తర్వాత భుజాలు, తర్వాత తల. పోగులోడు వాగుకేసి పరుగెత్తి ముట్టె నీళ్లలో ముంచి అలాగే ఉంచాడు. తర్వాత ఒడ్డున కూర్చుని ఆ గొట్టంవైపు చూశాడు. ఎంతో నమ్మిన ఇంట్లో అవమానం జరిగినట్టు ఉంది ఆ చూపు. లేచి కొండెక్కి, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు.

కారల్ తుపాకీలోంచి తూటాలు తీసేసింది.  "వాడికి నచ్చలేదు" అంది నవ్వుతూ.

అక్క ముఖం మాడిపోయింది.

"నచ్చకపోవడమేంటి?" అంది తెలుగులో, గట్టిగా. "నిన్న సీసా అడుగంటా నాకాడు. ఇవాళ్టిది నేనే గనక..."

షారన్ తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మామ్, నో."

"ఏమంటోంది?" అని కారల్ బావగారిని అడిగింది.

మేమంతా బావగారివైపు చూశాం. ఆయన చర్చి పెద్ద, అబద్ధమాడి ఎరగరు. ఒకసారి అక్కవైపు, ఒకసారి కొండవైపు చూశారు. "అతిథికి నచ్చేట్టు వడ్డించలేకపోయానని మా ఆవిడ బాధపడుతోంది" అన్నారు ఇంగ్లీషులో.

కారల్ అక్కను కౌగిలించుకుని, బాధపడవద్దని ఓదార్చింది. తర్వాత గొట్టం కడగడానికి వెళ్లి, తుమ్ముకుంటూ, ఎర్రబడ్డ కళ్లతో తిరిగి వచ్చింది. అక్కవైపు చాలాసేపు చూసింది కానీ ఏమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో బావగారు మాత్రం రెండు రాష్ట్రాలు దాటేదాకా అదే ప్రశ్న అడిగారు. "అది అబద్ధం కాదు కదా విమలా?"

"కాదు బావగారూ" అంటూ వచ్చాను.

కోత పండుగ

చర్చి నేలమాళిగలో భోజనాలు. ఎల్క్ మాంసం వేపుడు ఘుమఘుమలాడుతోంది. పాస్టరుగారు బావగారి గురికి స్తోత్రం చెప్పారు. సర్జన్లకు కొమ్ముల ఫోటో చూపించారా అని ఎవరో అడిగితే బావగారు, ఎందుకో మాట్లాడాలనిపించలేదన్నారు.

రూతమ్మగారు గిన్నెలన్నీ చూసుకుంటూ వచ్చింది. "నా బోటి ఏదమ్మా సుగుణా?"

"దారిలో చుట్టం తగిలాడండీ" అంది అక్క. "పెట్టకుండా ఎలా వస్తాం?"

బంతిలో చివర ఒక కుర్రాడు కూర్చున్నాడు, ఆ మధ్యే చదువుకోవడానికి వచ్చినవాడు. అక్క ఇంటి దగ్గర ఉన్న జాడీలోంచి ఆవకాయ తెచ్చి అతనికి వడ్డించింది. ఒక ముద్ద తిన్నాడు. ముఖం ఎర్రబడింది. పాపం, అతనికి మా ఇంటి చరిత్ర తెలియదు.

"ఆంటీ, కారం కొంచెం ఎక్కువైంది" అన్నాడు.

బంతి మొత్తం చేతులు ఆపేసింది. బావగారు కళ్లు మూసుకున్నారు. అక్క గరిటె పట్టుకుని ఆ కుర్రాడిని కాసేపు అలాగే చూసింది. తర్వాత అతని తలమీద చెయ్యి వేసి, మంచినీళ్ల గ్లాసు దగ్గరికి జరిపింది.

"అయితే నువ్వు బతుకుతావులే నాయనా" అంది.